ఉరిశిక్ష, క్షమాభిక్ష, మారే అవకాశం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా ఘోరం జరిగిన వారం టీవీ పెడితే వినిపించే మాట ఒకటే: ఉరి తీయాలి. ఆ తర్వాత పదేళ్లకో పదిహేనేళ్లకో క్షమాభిక్ష పిటిషన్ వార్త వస్తుంది. అప్పటికి కేసు చాలామందికి గుర్తుండదు. గుర్తున్నవాళ్లు మాత్రం "ఇంకా తీయలేదా?" అంటారు. ఈ రెండు వార్తల మధ్య ఏం జరుగుతుందో అడిగేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. రాసింది ఎటూ మొగ్గని మనిషి కాదు. నా అభిప్రాయం ఎక్కడుందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

క్షమాభిక్ష అంటే నేరం మాఫీ అయినట్టా?

దాదాపు ఎప్పుడూ కాదు. రాజ్యాంగం 72వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పూర్తిగా క్షమించవచ్చు, శిక్ష తగ్గించవచ్చు, మార్చవచ్చు, వాయిదా వేయవచ్చు. ఉరిశిక్ష కేసుల్లో మామూలుగా జరిగేది మాత్రం ఒకటే: ఉరి పోయి యావజ్జీవం వస్తుంది. దోషి దోషిగానే ఉంటాడు, జైల్లోనే ఉంటాడు. "క్షమాభిక్ష పెట్టి వదిలేశారు" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజీల్లో చాలావరకు ఈ తేడా తెలియక రాసినవే.

పిటిషన్ ఎవరికి పెట్టుకోవాలి? గవర్నర్‌కా, రాష్ట్రపతికా?

ఇద్దరికీ. ముందు గవర్నర్‌కు (161వ అధికరణం), ఆయన కాదంటే రాష్ట్రపతికి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్ దీనికి గడువులు పెట్టింది. సుప్రీంకోర్టులో అన్నీ అయిపోయాయని జైలు సూపరింటెండెంట్ ఖైదీకి చెప్పిన 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. గవర్నర్ తిరస్కరిస్తే 60 రోజుల్లో రాష్ట్రపతికి వెళ్లాలి. కేంద్రం రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం తెప్పించుకుని 60 రోజుల్లో సిఫార్సు పంపాలి. రాష్ట్రపతికి మాత్రం ఏ గడువూ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఖైదీ గానీ, వారసులు గానీ, బంధువులు గానీ వేయవచ్చని ఆ సెక్షన్ అంటుంది. హక్కుల సంఘాల ఊసు లేదు. ఇంటివాళ్లు ఎప్పుడో వదిలేసిన ఖైదీ సంగతేమిటి? చదువు రాని మనిషికి 30 రోజుల్లో ఎవరు రాసిపెడతారు?

రాష్ట్రపతి తన మనసుకు తోచినట్టు నిర్ణయిస్తారా?

లేదు. మారూరామ్ కేసులో (1980) సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: మంత్రివర్గం సలహా ప్రకారమే. ఫైలు కేంద్ర హోంశాఖలో తయారవుతుంది. ఒకసారి పునరాలోచించమని రాష్ట్రపతి వెనక్కి పంపవచ్చు. అదే సలహా మళ్లీ వస్తే సంతకం పెట్టాల్సిందే. కాకపోతే ఎప్పుడు పెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, నచ్చని ఫైలును పక్కన పెట్టేసిన రాష్ట్రపతులున్నారు.

అయినా మనిషిని బట్టి తేడా కనిపిస్తూనే ఉంటుంది. మన నీలం సంజీవరెడ్డి హయాంలోనే, ఢిల్లీలో ఇద్దరు పిల్లల హత్య కేసులో దోషులైన రంగా, బిల్లాల పిటిషన్లు తిరస్కరణకు గురయ్యాయి. 1982 జనవరిలో వాళ్లను ఉరి తీశారు. అబ్దుల్ కలాం పదవీకాలంలో ఒకటి తిరస్కరించారు, ఒకదాంట్లో శిక్ష మార్చారు. మిగతావి తేలనే లేదు. తన ముందుకొచ్చిన కేసుల్లో చాలావాటికి సామాజిక, ఆర్థిక వివక్ష కోణం ఉందని తర్వాత ఆయనే అన్నారు. ప్రతిభా పాటిల్ పెద్ద సంఖ్యలో ఉరిశిక్షలు మార్చారు. ప్రణబ్ ముఖర్జీ పెద్ద సంఖ్యలో పిటిషన్లు తిరస్కరించారు. చట్టం అదే, రాజ్యాంగం అదే. ఖైదీ అదృష్టం బాగుంటే ఫైలు ఒక సంవత్సరం వస్తుంది, లేకపోతే ఇంకో సంవత్సరం.

మూడు కోర్టులు చూసి ఖరారు చేశాక మళ్లీ ఈ మెట్టు ఎందుకు?

కోర్టులూ పొరబడతాయి కాబట్టి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు.

మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురి కేసు (అంకుశ్ మారుతి శిందే కేసు) చూడండి. 2009లో సుప్రీంకోర్టు ముగ్గురి ఉరిని ఖరారు చేసింది. హైకోర్టు యావజ్జీవానికి తగ్గించిన మిగతా ముగ్గురికీ మళ్లీ ఉరి వేసింది. పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులంది. తలా 5 లక్షలు పరిహారం ఇమ్మంది. మధ్యలో ఏ రోజైనా ఉరి తీసి ఉంటే ఆ రెండో తీర్పు ఎవరికి వినిపించాలి?

ఇంకోటి హర్బన్స్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఒకే నేరం, ముగ్గురు దోషులు, ముగ్గురికీ ఒకే పాత్ర, ఒకే శిక్ష. విడివిడిగా అప్పీలుకు వెళ్లారు. ఒకరికి సుప్రీంకోర్టు శిక్ష తగ్గించింది. ఇంకొకరికి తగ్గించలేదు, 1981 అక్టోబరులో ఉరి తీశారు. మూడో మనిషి వంతు వచ్చేసరికి ఈ తేడా కోర్టు దృష్టికొచ్చి ఆగింది, రాష్ట్రపతిని చూడమంది. ఉరి తీసిన మనిషి విషయంలో ఎవరూ చేయగలిగింది లేకపోయింది.

ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం లెక్క చూస్తే ఇవి అరుదైన పొరపాట్లు కావని అర్థమవుతుంది. ఈ శతాబ్దం తొలి పదిహేనేళ్లలో కింది కోర్టులు ఉరి వేసిన 1,810 మందిలో సగానికి పైగా మందికి పైకోర్టుల్లో శిక్ష తగ్గింది. దాదాపు నాలుగో వంతు మంది నిర్దోషులుగా బయటపడ్డారు.

తెలుగు నేల మీద క్షమాభిక్ష దొరికిన కేసు ఏదైనా ఉందా?

చిలకలూరిపేట. 1993 మార్చి 8, తెల్లవారుజాము. హైదరాబాద్ నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఇద్దరు కుర్రాళ్లు దోచుకోబోయారు. చేతిలో పెట్రోలు. నిప్పంటుకుంది. 23 మంది చనిపోయారు. బస్సులో నిద్రపోతున్న వాళ్లు నిద్రలోనే పోయారు. ఆ రోజుల్లో గుంటూరు జిల్లాలో పెరిగినవాళ్లకు ఈ సంఘటన గురించి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇద్దరూ పేద దళిత యువకులు. కింది కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది, రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997లో ఉరికి తేదీ కూడా పడింది, చివరి గడియలో సుప్రీంకోర్టు ఆపింది. హక్కుల సంఘాలు ఊరూరా తిరిగాయి. బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి గొంతు కలిపారు. చంపాలని కాదు, దోచుకోవాలని ఎక్కారన్నది వాళ్ల వాదన. రెండోసారి పిటిషన్ వెళ్లింది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా 1998లో ఉరి యావజ్జీవంగా మారింది.

నాకు ఈ కేసులో ముఖ్యమనిపించేది ఆ రెండో పిటిషన్. ఒకసారి కాదన్నంత మాత్రాన ఆ అధికారం అయిపోదని 1970ల్లోనే జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. ఆ మాట రాసిందీ తెలుగువాళ్ల కేసులోనే: ఆదిలాబాద్ రైతుకూలీ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసు. వాళ్లకు మాత్రం ఆ మాట పనికిరాలేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరి తీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. అది ఉన్న చోటే గాంధీ ఆసుపత్రి కట్టారు. ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కొత్త చట్టంలో "ఇంతకుముందు పిటిషన్ వేసి ఉండకపోతే" అన్న షరతు చదివినప్పుడల్లా నాకు చిలకలూరిపేట కేసే గుర్తొస్తుంది. రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని మామూలు చట్టం కుదించలేదు, నిజమే. కానీ జైలు ఆఫీసులో గుమాస్తా చదివేది రాజ్యాంగాన్ని కాదు, చట్టాన్ని.

ఉరి ఖైదీ మారాడా లేదా అని ఎవరు తేలుస్తారు?

చర్చంతా తిరిగేది దీని చుట్టూనే. టీవీ చర్చల్లో అసలు రానిదీ ఇదే.

మనిషి జీవితాన్ని చూసి శిక్ష వేయాలన్న ఆలోచన మన కోర్టుల్లో బలపడింది ఒక తెలుగు మహిళ కేసుతో. ఈడిగ అనమ్మ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 1974. హత్య చేసిందని రుజువైంది. కానీ ఆమెకు 24 ఏళ్లు, మామ అత్తింటి నుంచి వెళ్లగొట్టాడు, ఒక్క బిడ్డతో పుట్టింట్లో ఉంటోంది, రెండేళ్లకు పైగా ఉరి భయంతో బతుకుతోంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని జస్టిస్ కృష్ణయ్యర్ యావజ్జీవానికి మార్చారు.

1980లో బచన్ సింగ్ తీర్పు దీన్ని సూత్రం చేసింది. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి. దోషి మారే అవకాశం లేదని సాక్ష్యంతో చూపించాల్సింది ప్రభుత్వమే. కాగితం మీద ఇంతకంటే మంచి నియమం ఉండదు. ఆచరణలో నలభై ఏళ్ల పాటు జరిగిందేమిటంటే, దోషి అని తేల్చిన రోజునో మర్నాడో శిక్ష మీద వాదన, అది కూడా అరగంటో గంటో. "ముద్దాయికి పెళ్లయింది, పిల్లలున్నారు, ముసలి తల్లిదండ్రులున్నారు, దయ చూపండి" అని లాయరు నాలుగు ముక్కలు చెబుతాడు. నేరం దారుణం కాబట్టి మారడు అని జడ్జి రాస్తారు. నేరాన్ని చూసి నేరస్తుడి భవిష్యత్తు చెప్పేయడం అన్నమాట.

2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతికి అడ్డుకట్ట వేయబోయింది. జైలులో ప్రవర్తన, చేసిన పని, చదివిన చదువు, మానసిక స్థితి, బాల్యం, కుటుంబం, వీటన్నిటి మీద నివేదికలు తెప్పించుకోకుండా ఉరి వేయొద్దంది. 2025 ఆగస్టులో ఇంకో అడుగు వేసింది: ఈ పద్ధతి పాటించకుండా పడిన ఉరిశిక్షను, రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించాక కూడా, మళ్లీ విచారించవచ్చంది.

బాగానే ఉంది. అయితే ఆ నివేదికలో రాయడానికి ఏముండాలి? ఉరి ఖైదీకి జైల్లో పని ఉండదు. కఠిన కారాగార శిక్ష పడినవాడికి మగ్గమో వడ్రంగమో బేకరీయో అప్పజెబుతారు, కూలి ఇస్తారు. తెలంగాణలో జైళ్లశాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలు పనిచేయడం చూసే ఉంటారు. ఉరి పడినవాడికి వేసిన శిక్ష చావు ఒక్కటే, పని కాదు. పాత జైలు మాన్యువళ్ల పుణ్యమా అని చాలా చోట్ల విడిగా ఉంచుతారు, వర్క్‌షాపుకు పంపరు, ఓపెన్ జైలు మాటే లేదు. ఏ క్షణమైనా ప్రాణం తీసుకుంటాడేమోనని కాపలా. పదేళ్లు ఇలా ఉంచి, ఆ తర్వాత "నువ్వు మారావనడానికి రుజువేది?" అని అడగడం న్యాయమా? పరీక్ష పెట్టకుండా ఫెయిల్ చేసినట్టే ఇది. చివరికి జైలు నుంచి వచ్చే కాగితంలో "ప్రవర్తన తృప్తికరం" అని ఒక లైను ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

పెరారివాలన్‌ను చూడండి. రాజీవ్ గాంధీ హత్య కేసులో 19 ఏళ్ల వయసులో లోపలికి వెళ్లాడు. జైల్లోనే చదువుకున్నాడు, పరీక్షలు రాశాడు. ఆలస్యం కారణంగా 2014లో ఉరి తప్పింది, 2022 మేలో విడుదలయ్యాడు. విడుదల ఉత్తర్వులో సుప్రీంకోర్టు అతని చదువునూ జైలు ప్రవర్తననూ ప్రస్తావించింది. ఆ కేసు మీద ఎవరి కోపం వాళ్లకుంటుంది, రాజీవ్‌తో పాటు శ్రీపెరంబుదూరులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు మరీ ఉంటుంది. కానీ 19 ఏళ్లప్పటి మనిషి, 50 ఏళ్లప్పటి మనిషి ఒక్కడేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ మధ్య ముప్పై ఏళ్లలో అతనికి పుస్తకమైనా అందాలి కదా.

మానసిక ఆరోగ్యం సంగతి?

2021లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు 88 మంది ఉరి ఖైదీలను కలిశారు. వాళ్లలో 62 శాతం మందికి పైగా ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉందని తేలింది. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్లను ఉరి తీయకూడదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాధి ఉందని గుర్తించే డాక్టరు జైలుకు రావడమే కష్టంగా ఉంది.

ఏళ్ల తరబడి ఫైలు నానితే అది కూడా శిక్షేగా?

ఈ మాట గట్టిగా అన్న మొదటివారిలో మన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఒకరు. 1983లో వైథీశ్వరన్ కేసులో, రెండేళ్లకు మించి ఉరి అమలు కాకపోతే ఖైదీ శిక్ష తగ్గించమని అడగవచ్చన్నారు. కొద్ది వారాలకే ఇంకో బెంచ్ అలాంటి లెక్క కుదరదంది. 1989లో రాజ్యాంగ ధర్మాసనం రెండేళ్ల గడువును కొట్టేసింది, అకారణ ఆలస్యాన్ని మాత్రం చూడవచ్చంది.

పెద్ద మలుపు 2014 జనవరి 21న వచ్చింది. శత్రుఘ్న చౌహాన్ కేసులో 15 మంది ఉరిశిక్షలను ఆలస్యం, మానసిక అనారోగ్యం వంటి కారణాలతో యావజ్జీవంగా మార్చారు. అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో పార్లమెంటుపై దాడి కేసు దోషి అఫ్జల్ గురును తీహార్‌లో గుట్టుచప్పుడు కాకుండా ఉరి తీశారు. కుటుంబానికి కబురు స్పీడ్ పోస్టులో పంపారు. ఆ ఉత్తరం కశ్మీర్‌లో ఇంటికి చేరేసరికి మనిషిని పూడ్చిపెట్టి రెండు రోజులైంది. అలాంటిది మళ్లీ జరగకూడదనే తీర్పులో వరసగా నియమాలు పెట్టారు: తిరస్కరణ సంగతి ఖైదీకీ కుటుంబానికీ రాతపూర్వకంగా చెప్పాలి, ఆ తర్వాత కనీసం 14 రోజులు ఆగాలి, ఆఖరి ములాఖత్ ఇవ్వాలి, ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి.

ఇంత జరిగినా, పంజాబ్ ముఖ్యమంత్రి బియంత్ సింగ్ హత్య కేసులో ఉరి పడిన రాజోవానా కోసం 2012లో వేసిన పిటిషన్ మీద పదేళ్లు దాటినా నిర్ణయం రాలేదు. అవునని చెబితే ఒకరికి కోపం, కాదంటే ఇంకొకరికి. రాజకీయంగా మౌనం చౌక.

చనిపోయినవాళ్ల కుటుంబాల గురించి మాట్లాడరేం?

మాట్లాడాల్సినంత మాట్లాడటం లేదన్న ఫిర్యాదు నిజమే. హక్కుల ఉద్యమాలు ఈ విషయంలో తడబడ్డాయి. నిర్భయ తల్లి ఏడేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. డెత్ వారెంట్ తేదీ మూడుసార్లు మారింది, నలుగురు దోషులూ ఒకరి తర్వాత ఒకరు పిటిషన్లు వేస్తూ పోయారు, చివరికి 2020 మార్చి 20న ఉరి తీశారు. దేశంలో ఇప్పటికి అదే ఆఖరి ఉరి. ప్రతి వాయిదాకూ ఆ తల్లి పడిన క్షోభను "చట్టం అంతే" అని తోసేయలేం.

కానీ ఆ క్షోభకు మూలం క్షమాభిక్ష కాదు, అది ఎప్పుడు తేలుతుందో తెలియకపోవడం. మొదటి రోజే యావజ్జీవం పడి ఉంటే ఆ కుటుంబం తేదీల కోసం క్యాలెండర్ చూస్తూ ఉండేది కాదు. పైగా మన దగ్గర బాధితులకు చేసేది ఏమిటి? పరిహారం పథకం ఉంది. అది చేతికి రావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు. ఇంటి యజమాని పోయిన కుటుంబానికి పిల్లల ఫీజు ఎవరు కట్టారు, కౌన్సెలింగ్ ఎవరు ఇప్పించారు అని అడిగితే జవాబు ఉండదు. ఉరి తీశాం కదా, ఇంకేం కావాలి అన్న ధోరణి.

పలుకుబడి ఉన్నవాళ్లకే క్షమ దొరుకుతుందా?

శిక్ష తగ్గింపు, ముందస్తు విడుదల విషయంలో ఈ అనుమానానికి ఆధారాలున్నాయి. 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కర్నూలు జిల్లాకు చెందిన ఒక కాంగ్రెస్ నాయకుడి మిగిలిన జైలుశిక్షను మాఫీ చేశారు. ఉరి కేసు కాదది. హతుల కొడుకులు (వాళ్లలో ఒకరు ఏపూరు సుధాకర్) సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఫైలులోని నివేదికలో ఆయన "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అని రాసి ఉండటం చూసి కోర్టు మండిపడింది, 2006లో ఉత్తర్వును కొట్టేసింది. గవర్నర్, రాష్ట్రపతి నిర్ణయాలను కోర్టులు ఏ మేరకు సమీక్షించవచ్చో చెప్పాలంటే ఇప్పటికీ ఈ ఏపూరు సుధాకర్ కేసునే ఉదహరిస్తారు. గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో సామూహిక అత్యాచార కేసులో 11 మంది దోషుల విడుదలను 2024 జనవరిలో రద్దు చేయడం మనమంతా చూశాం.

ఉరి ఖైదీల దగ్గరకొస్తే దృశ్యం తిరగబడుతుంది. 2016 అధ్యయనం ప్రకారం వాళ్లలో సుమారు 74 శాతం ఆర్థికంగా చితికినవాళ్లు. 23 శాతం బడి ముఖం చూడలేదు. కాబట్టి "డబ్బున్నోళ్లు తప్పించుకుంటారు, అందుకే క్షమాభిక్ష ఎత్తేయాలి" అంటే దెబ్బ పడేది డబ్బు లేనోళ్ల మీద.

యావజ్జీవం అంటే 14 ఏళ్లే కదా?

కాదు. బతికినంత కాలం. 14 ఏళ్లన్నది, ఉరి పడగల నేరాల్లో, ప్రభుత్వం విడుదల గురించి ఆలోచించడానికి ముందు తప్పనిసరిగా గడపాల్సిన కాలం మాత్రమే. అది దాటితే తలుపు దానంతటదే తెరుచుకోదు. పైగా 2008 నుంచి కోర్టులు 20 ఏళ్లు, 30 ఏళ్లు, లేదా జీవితాంతం రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) లేని శిక్షలు కూడా వేస్తున్నాయి. ఉరి వద్దనేవాళ్లలోనూ కొందరికి ఇది నచ్చదు. ఎన్నటికీ బయటికి రానివాడు ఎందుకు మారాలి అన్నది వాళ్ల ప్రశ్న. దీనికి నా దగ్గర సుళువైన జవాబు లేదు.

ఉరి భయం లేకపోతే నేరాలు పెరగవా?

యావజ్జీవం కంటే ఉరి ఎక్కువగా నేరాలను ఆపుతుందనడానికి ఆధారం లేదని లా కమిషన్ 2015లో తన 262వ నివేదికలో చెప్పింది. ఉగ్రవాద కేసులు మినహా ఉరి తీసేయమంది. కింది కోర్టులు 2022లో 165 మందికి ఉరి వేశాయి, రెండు దశాబ్దాల్లో అదే ఎక్కువ. 2024 చివరికి ఉరి నీడలో ఉన్నవాళ్లు 564 మంది. దిశ కేసులో ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు పోలీసుల మీద పూలు చల్లాం. ఆ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ అది బూటకమని చెప్పింది. అత్యాచార వార్తలు ఆగాయా?

గల్ఫ్‌లో మనవాళ్లకు ఉరి పడితే రాష్ట్రపతి ఆపగలరా?

ఆపలేరు. అక్కడ మన క్షమాభిక్ష అధికారం పనిచేయదు. హత్య కేసుల్లో చాలా గల్ఫ్ దేశాల్లో హతుడి వారసులు క్షమించాలి, చాలాసార్లు పరిహారం తీసుకుని. దౌత్య కార్యాలయం లాయరును పెట్టడం, ఆ కుటుంబంతో మాట్లాడించడం వరకే. సిరిసిల్ల ప్రాంతం కార్మికుల దుబాయ్ కేసు గుర్తుండే ఉంటుంది. ఉరి కాదు, దీర్ఘకాల జైలు. నేపాల్‌లో హతుడి కుటుంబానికి పరిహారం అంది, వాళ్లు క్షమించాక కూడా ఏళ్లు పట్టింది. దాదాపు 18 ఏళ్ల తర్వాత 2024లో ఇల్లు చేరారు.

ఇంట్లో ఒకరికి ఉరి పడింది. మేమేం చేయాలి?

ముందుగా, హైకోర్టు ఖరారు చేయకుండా ఏ ఉరీ అమలు కాదు. టెన్షన్‌లో పొలం అమ్మి లాయర్ల చేతిలో పోయకండి. ఉచిత న్యాయ సహాయం హక్కు, దానికి 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు.

కాగితాలు పోగేయండి. బడి సర్టిఫికెట్ (నేరం జరిగిన నాటికి 18 నిండలేదని ఎప్పుడు తేలినా ఉరి పోతుంది), ఆసుపత్రి చీటీలు, మందుల కాగితాలు, జైల్లో రాసిన పరీక్షల మార్కులు. ప్రతి ములాఖత్‌లో మనిషి నిద్ర, తిండి, మాట ఎలా ఉన్నాయో తేదీ వేసి రాసుకోండి. తేడా కనిపిస్తే డాక్టరుకు చూపించమని సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. సుప్రీంకోర్టులో రివ్యూ పిటిషన్‌ను (తీర్పును మళ్లీ చూడమని అడిగేది) ఉరి కేసుల్లో ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో వింటారు, దాన్ని వదులుకోవద్దు. అదీ పోతే 30 రోజుల గడువు సూపరింటెండెంట్ చెప్పిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ తేదీ ఎప్పుడని జైలు నుంచి కాగితం మీద తీసుకోండి.